గాలి లేని టైరు, గాలికొదిలేసిన ఫోను

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. కారు కొని ఐదేళ్లయింది. ఈ ఒక్క ఏడాదిలోనే నాలుగు పంచర్లు. గాలి అక్కర్లేని టైర్లు వచ్చేశాయని రీల్స్‌లో చూశాను. వేయించుకోవచ్చా? లాభనష్టాలు చెప్పండి.

జవాబు: ఈ ప్రశ్న ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను. మీ కారుకు అవి దొరకవు. ఆ పేరుతో ఆన్‌లైన్‌లో కనిపించేవి సైకిళ్లకో, పిల్లల స్కూటర్లకో, గోదాముల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టులకో వేసే గట్టి రబ్బరు చక్రాలు. వాటిని కారుకు బిగిస్తానని ఎవరైనా ముందుకొస్తే ఆ షాపుకు ఇంకెప్పుడూ వెళ్లకండి.

రీల్‌లో మీరు చూసింది వేరే సరుకు. మధ్యలో రిమ్ము, పైన నేలకు ఆనే మామూలు ట్రెడ్డు, రెండింటి నడుమ గాలికి బదులు వంగి లేచే పలకలు. ఒక ఫ్రెంచ్ కంపెనీ 2005లోనే దీన్ని చూపించింది. గడ్డి కోసే యంత్రాలకు, చిన్న లోడర్లకు భేషుగ్గా కుదిరింది. కారుకు వేసి గంటకు 80 కిలోమీటర్లు దాటిస్తే మాత్రం వణుకు, మోత. అదే కంపెనీ 2019లో ఒక అమెరికన్ కార్ల సంస్థతో కలిసి కొత్త రకం చూపించి, 2024కల్లా కార్లకు తెస్తామంది. సింగపూర్‌లో కొరియర్ వ్యాన్లకు, ఫ్రాన్స్‌లో పోస్టు వ్యాన్లకు వేసి తిప్పారు. 2024 వచ్చింది, వెళ్లింది. షోరూముకు మాత్రం రాలేదు.

లాభాలు లేవనను. మేకు దిగినా బండి ఆగదు. హైవే మీద టైరు పేలడమన్న మాటే ఉండదు. గాలి చూసుకునే పని తప్పుతుంది. ఎలాగూ మనం చూడం కాబట్టి అదే పెద్ద లాభం.

నష్టాల సంగతి మన దారుల మీద పెట్టి చూడండి. పలక వంగి లేచిన ప్రతిసారీ వేడి పుడుతుంది. మామూలు టైరులోనూ పుడుతుంది గానీ, ఇక్కడ బరువంతా ఆ పలకలదే. ఏప్రిల్, మే నెలల్లో రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం పూట నాలుగు గంటల ప్రయాణం ఊహించుకోండి. పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి బురద, కంకర లోపల ఇరుక్కుంటాయి. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ లారీల వెనక వెళ్లేవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఒక చక్రంలో ఇంత మట్టి గడ్డకట్టినా స్టీరింగు ఊగుతుంది.

నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించే లోటు ఇంకొకటి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు చూశారా? గాలి ఎంత కొట్టాలో ఇద్దరు ముగ్గురికి ఒక లెక్క, ఫుల్ లోడుకు ఇంకో లెక్క రాసి ఉంటుంది. అంటే గాలి టైరు బిగువును మన బరువుకు తగ్గట్టు మార్చుకోవచ్చు. గాలి లేని టైరు బిగువు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. పిల్లాణ్ణి బడిలో దింపినా, ఐదుగురిని సామానుతో సహా కొండకు తీసుకెళ్లినా అదే బిగువు. పైగా ఏదైనా పలక విరిగితే పంచర్ షాపులో అతుకు వేయరు, చక్రం మొత్తం మార్చాల్సిందే.

మీ నాలుగు పంచర్ల సంగతికొస్తే, నాలుగూ ఒకే చక్రానికా? అది మీరు రాయలేదు. ఒకే చక్రమైతే తప్పు రోడ్డుది కాకపోవచ్చు. వాల్వు కారుతూ ఉండొచ్చు, గుంతలో పడి రిమ్ము అంచు వంగి ఉండొచ్చు. వాల్వుకూ రిమ్ము అంచు చుట్టూ సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూడమనండి. ఇంకో మాట. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టించేవాళ్లు మన ఊళ్లో వీధికి పదిమంది. అది తిరకాసు. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా నలిగి ఇంకా వేడెక్కుతాయి, పేలేది అప్పుడే. స్టిక్కరు మీద ఎంతుంటే అంత, బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే.

ప్రశ్న: చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి రాస్తున్నాను. టైర్లలో గాలి ఎంతుందో ఫోన్లో చూపించే సెన్సర్ మూతలు నాలుగు కొన్నాను. వాటి యాప్ ప్లే స్టోర్‌లో లేదు. డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫైల్ దిగింది. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు అడుగుతోంది. ఇవ్వాలా?

జవాబు: వద్దు. వద్దంటే వద్దు. టైరులో గాలికీ మీ అత్తగారి ఫోన్ నంబరుకూ ఏం సంబంధం?

బ్లూటూత్ సెన్సర్‌ను వెతకడానికి ఆండ్రాయిడ్ 12, ఆపైన ఫోన్లలో దగ్గర్లోని పరికరాల అనుమతి చాలు. 11, అంతకన్నా పాతవాటిలో లొకేషన్ కూడా అడుగుతుంది, అది ఆ వ్యవస్థ తీరు కాబట్టి అంతవరకు తప్పు పట్టను. కానీ ఎస్సెమ్మెస్‌లు చదివే యాప్ చేతికి మీ ఓటీపీలు వెళ్లినట్టే. యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడిగిందంటే ఇక స్క్రీన్ మీద మీరు చూసేదంతా అది చూస్తుంది, మీ బదులు వేలితో నొక్కుతుంది కూడా. చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఖాతాలు ఊడ్చేస్తున్నది ఈ దారిలోనే. అవంటే దొంగలు పంపినవి. ఇక్కడ మనమే డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం.

ఇప్పటికే అనుమతులిచ్చేసి ఉంటే డేటా, వైఫై ఆపండి. యాక్సెసిబిలిటీ జాబితాలోంచి ఆ యాప్‌ను తీసేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. సిమ్ము మరో ఫోన్లో వేసి, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు, యూపీఐ పిన్ను అక్కడి నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెన్సర్లు భద్రమేనా అంటే, పూర్తిగా కాదు. 2010లోనే అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కొన్ని కార్ల సెన్సర్ల సంకేతాలను సుమారు 40 మీటర్ల దూరం నుంచి పట్టుకున్నారు. ప్రతి సెన్సరూ మారని నంబరొకటి బయటికి అరుస్తూ ఉంటుంది, దానికి గుట్టుగా ఉండటం తెలియదు. దొంగ సంకేతం పంపి డ్యాష్‌బోర్డు మీద గాలి తగ్గిందన్న దీపం వెలిగించి కూడా చూపించారు. రాత్రిపూట మొగిలి ఘాటులో ఆ దీపం వెలిగితే మీరు ఆపుతారా, ఆపరా? నేనైతే బండి ఊగకపోతే వెలుతురున్న చోటి దాకా నెమ్మదిగా పోనిస్తాను. మీకు సెన్సర్లు కావాలంటే, ఫోనుతో పనిలేకుండా చిన్న తెర ఉన్నవి కొనుక్కోండి. సోలార్‌తో నడుస్తాయి, డ్యాష్‌బోర్డు మీద కూర్చుంటాయి, మీ కాంటాక్టులు అడగవు.

ఈ సెన్సర్ల పేరు చెప్పి కంపెనీలు చేస్తున్న ఇంకో పని నాకు కడుపుమంట. 2020లో మోటారు వాహనాల నిబంధనలు సవరించాక, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి సెన్సర్లు, పంచర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. డిక్కీ తెరిస్తే చక్రం ఉండాల్సిన చోట రంధ్రం పూడ్చే జిగురు సీసా ఒకటి, చిన్న పంపు. ట్రెడ్డులో మేకు దిగితే ఆ సీసా గట్టెక్కిస్తుంది. రాయి తగిలి పక్కగోడ చీరితే ఏం చేస్తుంది? కొత్త కారు చూడ్డానికి వెళ్లినప్పుడు తెర ఎన్ని అంగుళాలని అడగడం అయ్యాక, స్టెప్నీ ఉందా అని కూడా అడగండి.

స్టెప్నీ ఉన్నవాళ్లం చేసే ఘనకార్యమూ చెబుతాను. రెండేళ్ల కిందట భాకరాపేట ఘాటులో నా బండికి సరిగ్గా అలాగే పక్క చీరింది. జాకీ వేసి, చెమటలు కక్కుతూ స్టెప్నీ బిగించి కిందికి దించాను. రిమ్ము నేలకు ఆనింది. కొన్నప్పటి నుంచి దానికి ఒక్కసారీ గాలి కొట్టించలేదు. నా భార్య ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. పీలేరు వైపు వెళ్లే పాల వ్యాను డ్రైవరు ఆపి, దిగి చూసి, "ఏంన్నా, దీన్ని ఊరికే మోసుకొని తిరుగుతా ఉండావా?" అన్నాడు.