ఫోటోషాప్ పాకుతోందని గ్రాఫిక్స్ కార్డు కొనేయకండి

మీరు అడిగింది ఇది: స్టూడియోలో నాలుగో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న పాత అసెంబుల్డ్ సిస్టమ్ ఉంది, పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తుంటే మాటిమాటికీ హ్యాంగ్ అవుతోంది, చేతిలో 20 వేలున్నాయి, గ్రాఫిక్స్ కార్డు వేయించాలా, ప్రాసెసర్ మార్చాలా అని. రెండూ వద్దండి. ఆ తప్పు నేను చేసి కూర్చున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మాది తాడేపల్లిగూడెంలో చిన్న ఆల్బమ్ డిజైనింగ్ షాపు. 2019లో నా సిస్టమ్ అచ్చం మీదే: ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒక్కటి. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేసరికి ఒక షీటుకి సేవ్ కొట్టి, బయటికెళ్ళి టీ తాగొచ్చినా గీత సగంలోనే ఉండేది. కంప్యూటర్ షాపు కుర్రాడు "కార్డు లేకపోతే ఫోటోషాప్ ఇంతే సార్" అన్నాడు. 11 వేల చిల్లర పోసి జీటీఎక్స్ 1050 టీఐ కార్డు పెట్టించాను. జూమ్ చేస్తే, కాన్వాస్ జరిపితే కాస్త నునుపుగా కదిలింది, ఒకటి రెండు ఫిల్టర్లు వేగంగా పడ్డాయి. సేవ్ మాత్రం అంతే. ఫైలు తెరుచుకోవడం అంతే. ఆ కార్డు ఇప్పుడు మావాడి గేములకి పనికొస్తోంది.

ఆ తర్వాత బుద్ధొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. మీరు కూడా ముందు ఇదే చెయ్యండి. మీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) తెరవండి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, సేవ్ కొట్టి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూస్తూ కూర్చోండి. నా దాంట్లో ప్రాసెసర్ పాతిక శాతం దగ్గర కునుకు తీస్తోంది. మెమొరీ నిండిపోయింది. డిస్క్ 100 దగ్గర నిలబడిపోయింది, కిందికి దిగితే ఒట్టు.

ఎందుకలా అన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 10,800×3,600, దాదాపు 3.89 కోట్ల పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్లు చొప్పున షీటంతా పరుచుకున్న ఒక్క లేయరే 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్, దానిమీద టెక్స్చర్, పూల పీఎన్‌జీలు, పెళ్ళికూతురి క్లోజప్‌కి రెండు కాపీలు, ఇవి కాక మనం వెనక్కి వెళ్ళడానికి ఫోటోషాప్ గుర్తుపెట్టుకునే హిస్టరీ. 8 జీబీలో విండోస్ వాటా పోగా మిగిలింది ఎంతసేపు? ర్యామ్ నిండగానే మిగతాదంతా స్క్రాచ్ డిస్క్‌కి, అంటే ఫోటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్క్ జాగాకి వెళ్తుంది. ఆ స్క్రాచ్ డిస్క్, విండోస్, ఫోటోలు, సేవ్ అవుతున్న ఫైలు అన్నీ ఒకే హార్డ్ డిస్క్ మీద! రాసే చెయ్యి ఒక్కటే, నలుగురూ ఒకేసారి పిలుస్తున్నారు.

కాబట్టి మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్. 500 జీబీకి తగ్గకుండా తీసుకోండి. షాపువాళ్ళు బోర్డు మీదే గుచ్చే పట్టీలాంటి ఎం.2 రకం చూపిస్తే ఆశపడొద్దు, హెచ్81 బోర్డుల్లో మామూలుగా ఆ స్లాటే ఉండదు. హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అడగండి. హెచ్81కి సాటా పోర్టులు నాలుగిచ్చారు గానీ వాటిలో రెండే వేగమైన 6 జీబీపీఎస్‌వి. బోర్డు మీద పోర్టు పక్కన చిన్నగా రాసి ఉంటుంది, చూసి అందులోనే పెట్టించండి. విండోస్ కొత్తగా వేయించి, ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ని దీనికి మార్చండి. ఎప్పుడూ ఓ 60, 70 జీబీ ఖాళీగా ఉంచండి. నాకు సిస్టమ్ ఆన్ అవడానికి రెండు నిమిషాలు పట్టేది, ఇరవై సెకన్లకి దిగింది.

రెండోది ర్యామ్. ఈ బోర్డులో రెండే స్లాట్లు, 16 జీబీ దాటి ఎక్కదు. టాస్క్ మేనేజర్లో మెమొరీ దగ్గర ఎన్ని స్లాట్లు వాడుతున్నదీ కనిపిస్తుంది. ఒకటే నిండి ఉంటే ఇంకో 8 జీబీ డీడీఆర్3 స్టిక్ చాలు, డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్కులూ జతగా పనిచేయడం) కూడా వస్తుంది. సెకండ్ హ్యాండ్ అయినా నేనైతే తీసుకుంటాను, ఎందుకంటే రేపు కొత్త బోర్డులోకి ఇది పోదు, దానిమీద ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. ఎస్‌ఎస్‌డీ అలా కాదు, విప్పి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు.

ప్రాసెసర్ సంగతి. ఇదే సాకెట్‌కి ఐ7-4770 దొరుకుతుంది, పెట్టొచ్చు. కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 జాబితాలో నాలుగో జనరేషన్ లేదు. కూలబోయే ఇంటికి సున్నాలెందుకు? మార్చే రోజున బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చాలి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి గనక ఎస్‌ఎస్‌డీతో కొన్నాళ్ళు నెట్టుకురావడమే మేలు. అప్పుడు కూడా ఒక్కటి చూసుకోండి: ఐ3-12100 వేరు, 12100ఎఫ్ వేరు. ఎఫ్ ఉన్నదాంట్లో డిస్‌ప్లే రాదు, కార్డు పెట్టాల్సిందే. చవగ్గా ఉందని ఎఫ్ తెచ్చుకుని, రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు.

డబ్బు మిగిలితే మానిటర్. మీది పాత 18.5 అంగుళాల టీఎన్ ప్యానెల్ అయితే తల కాస్త వంచితేనే చర్మం రంగు మారిపోతుంది, ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చాక కస్టమర్‌తో మాట పడాలి. పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ (రంగుల ప్రమాణం) దాదాపు పూర్తిగా కవర్ చేసేది తీసుకోండి. ఇదీ కొత్త సిస్టమ్‌కి కలిసొచ్చే వస్తువే.

సిస్టమ్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గురించి ఎవరూ అడగరు. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన '450 వాట్స్' డబ్బా నాకు 2021 వేసవిలో ఠప్‌మని పోయింది, పోతూ పోతూ పాత హార్డ్ డిస్క్‌ని కూడా తీసుకుపోయింది. అందులో ఒక పెళ్ళి ఫోటోలన్నీ ఉన్నాయి. కెమెరా మెమొరీ కార్డులు అప్పటికే ఫార్మాట్ కొట్టేశాం. సెలెక్షన్ కోసం పెళ్ళికొడుకు వాళ్ళకిచ్చిన పెన్‌డ్రైవ్ వాళ్ళ టీవీకి గుచ్చి ఉంది కాబట్టి బతికిపోయాను. "మీరే ఉంచుకోండి అంకుల్, ఒక కాపీ చేసుకుంటాను" అని నవ్వుతూ తెచ్చుకున్నాను గానీ లోపల నా గుండె నా చేతిలో లేదు. కాబట్టి మీ ఎస్‌ఎంపీఎస్ పాతదైతే 80 ప్లస్ గుర్తున్న (కరెంటు వృథా తక్కువని అర్థం) మంచి కంపెనీది ఒకటి వేయించండి.

షాపుకి వెళ్ళేముందు ఒక ఆదివారం క్యాబినెట్ తెరిచి దుమ్ము ఊది, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు మార్చి, ర్యామ్ పిన్నులు ఎరేజర్‌తో రుద్ది పెట్టి చూడండి. మీ హ్యాంగుల్లో కొన్ని అక్కడే పోవచ్చు. పాత హార్డ్ డిస్క్‌ని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో (డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్) చూడండి. 'కాషన్' అని పసుపు రంగు కనబడితే ఎస్‌ఎస్‌డీ కొనడం తర్వాత, ముందు ఫోటోలు ఇంకోచోటికి ఎక్కించండి. మీ బోర్డు మోడల్, ఎస్‌ఎంపీఎస్ మీదున్న లేబుల్ వివరాలు ఈ జవాబు కింద రాసి పెడితే మిగతాది చెబుతాను.