వెయ్యి రూపాయల లోపు స్నీకర్లకు గ్యారంటీ ఉండదంటే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంటర్ చదువుతున్న మా తమ్ముడు రోజూ కాలేజీకి వేసుకోవడానికి ఇక్కడి ఒక దుకాణంలో రూ. 899 పెట్టి స్నీకర్లు కొన్నాను. పంతొమ్మిదో రోజున కుడికాలి బూటు ముందు భాగంలో సోలు ఊడిపోయింది. తీసుకెళ్లి చూపిస్తే, ‘‘వెయ్యి లోపు వాటికి గ్యారంటీ ఉండదు, బిల్లు మీద రాసే ఉంది చూసుకోండి’’ అన్నారు. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని నిజంగానే ముద్రించి ఉంది. ఇప్పుడు మరో జత కొనక తప్పదు. పన్నెండు వందలకు మించి పెట్టలేను. పాత జత డబ్బు రాబట్టుకునే వీలుందా? కొత్త జత ఎలా కొంటే మళ్లీ ఇటువంటి ఇబ్బంది రాకుండా ఉంటుంది?

జవాబు: వీలుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వినియోగదారును నిర్వచించేటప్పుడు ఎంత ఖరీదు పెట్టి కొన్నారన్నది చూడదు; సొంత అవసరానికి డబ్బు చెల్లించి వస్తువు కొన్నవారందరూ, కొన్నవారి అనుమతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా, వినియోగదారులే. కనుక డబ్బు చెల్లించిన మీకూ, వాటిని తొడుక్కున్న మీ తమ్ముడికీ ఫిర్యాదు చేసే హక్కు సమానంగా ఉంది.

బిల్లు మీది ఆ వాక్యాన్ని చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజానికి అదే చట్టంలోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులను వరుసగా చెబుతూ, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని కూడా వాటిలో చేర్చింది. బిల్లులో ఇంత గడువు అని రాసి ఉంటే ఆ గడువులోగా, ఏ గడువూ రాయకపోతే 30 రోజులలోగా డబ్బు తిరిగి ఇవ్వాలి. ‘వాపసు తీసుకోబడదు’ అన్నది గడువు కాదు, నిరాకరణ మాత్రమే. చట్టం ఇచ్చిన హక్కును దుకాణదారు ఒక్క ముద్రిత వాక్యంతో తుడిచివేయలేరు. వస్తువు బాగానే ఉండి, కొన్నవారు మనసు మార్చుకున్న సందర్భంలో మాత్రమే ఆ వాక్యానికి కొంత విలువ ఉంటుంది. డబ్బుకు బదులు ‘ఇంకేదైనా తీసుకోండి’ అని క్రెడిట్ నోటు (అంత విలువకు అక్కడే మరో వస్తువు కొనుక్కోమనే చీటీ) చేతిలో పెట్టినా మీరు అంగీకరించి తీరాలని లేదు.

అసలు వివాదం మరోచోట వస్తుంది. అది లోపమా, వాడకం వల్ల వచ్చిన అరుగుదలా అన్న ప్రశ్న వద్దనే ఇటువంటి ఫిర్యాదులు ఎక్కువగా తేలిపోతాయి. ఎనిమిది నెలలు రోజూ నడిచిన తరువాత మడమ కింద రబ్బరు అరిగితే అది లోపం కాదు. వెయ్యి రూపాయల జత నాలుగు వేల జతలాగా మన్నాలని ఇటువంటి ఫిర్యాదులను విచారించే ఏ వినియోగదారుల కమిషన్ కూడా అనదు. కాని ఎంత చవక బూటైనా నడవడానికే అమ్ముతారు. మామూలుగా కాలేజీకి వెళ్లి వచ్చినందుకే పంతొమ్మిది రోజులలో సోలు ఊడితే, అంటింపు సరిగా జరగలేదని చెప్పడానికి నిపుణుడు అవసరం లేదు. దుకాణదారు సహజంగా ‘వాషింగ్ మెషిన్‌లో వేశారు, నీళ్లలో నానబెట్టారు’ అంటారు. అటువంటిదేమీ జరగలేదని మీరు చూపగలగాలి. ఊడిన చోట సోలును కొద్దిగా తెరిచి చూడండి. జిగురు ఒక పక్కనే పట్టి, రెండో పక్క నున్నగా శుభ్రంగా కనిపిస్తే, ఆ రెండు పక్కలూ కనిపించేలా దగ్గరగా ఫొటోలు తీసి ఉంచండి. చెప్పులు కుట్టేవారి దగ్గర కుట్టించడం, ఇంట్లో ఏదో జిగురు పోసి అతికించడం ఈ దశలో చేయవద్దు. మరమ్మతు చేసిన బూటు తెచ్చి ఇది మొదటి నుంచీ లోపమున్నదని వాదించడం చాలా కష్టం.

వస్తువు లోపాన్ని పరీక్షకు పంపితే తప్ప తేల్చలేని సందర్భంలో కమిషన్ దానిని ప్రయోగశాలకు పంపవచ్చు, ఆ రుసుమును ముందుగా ఫిర్యాదుదారును కట్టమనవచ్చు. రూ. 899 వివాదంలో అంత దూరం వెళ్లడం దండగ. కంటికి కనిపించే లోపానికి ఫొటోలు, బిల్లు, బూట్లు సరిపోతాయి.

ముందుగా దుకాణానికి ఒక ఉత్తరం రాయండి. కొన్న తేదీ, చెల్లించిన మొత్తం, లోపం బయటపడిన తేదీ, దుకాణంలో వచ్చిన సమాధానం, పదిహేను రోజులలోగా డబ్బు తిరిగి ఇవ్వాలన్న కోరిక, ఇంతే చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. దానితోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నా అనుభవంలో ఈ స్థాయి మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవాలన్న నిబంధనా లేదు, ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. మూడు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెప్పినా ఆచరణలో వాయిదాలు పడుతూ ఉంటాయి కనుక దీనిని చివరి మార్గంగానే ఉంచుకోండి. మొత్తం చిన్నదని కమిషన్లు చులకనగా చూస్తాయని మాత్రం భయపడవద్దు. 2019లో చండీగఢ్‌లో ఒక వ్యక్తి పేరున్న సంస్థ దుకాణంలో రూ. 399 బూట్లు కొని, వాటిని పెట్టి ఇచ్చిన సంచికి బిల్లులో వేసిన రూ. 3 మీద ఫిర్యాదు చేస్తే అక్కడి వినియోగదారుల ఫోరం (కమిషన్‌కు అప్పటి పేరు) ఆ మూడు రూపాయలతోపాటు పరిహారమూ ఇప్పించింది.

ఇక కొత్త జత. పన్నెండు వందలలో మంచి బ్రాండు ఏది అని చెప్పడం నా పని కాదు. ఒకే ధరలో రెండు జతలు మీ ముందుంటే ఏది కొంటే చట్టం మీ పక్షాన గట్టిగా నిలుస్తుందో మాత్రం చెప్పగలను. మొదట అడగవలసింది బిల్లు. మోడలు పేరు, సైజు, ధర, తేదీ, దుకాణం చిరునామా ఉన్న బిల్లు ఇవ్వకపోవడం కూడా సెక్షన్ 2(47) కిందకే వస్తుంది. తెల్ల చీటీ మీద అంకె వేసి ఇచ్చే దుకాణంలో వంద రూపాయలు తగ్గినా ఆ తగ్గింపు లాభం కాదు. ఎప్పుడైనా బిల్లు పోతే యూపీఐ చెల్లింపు రికార్డు, పెట్టె కలిపి సాక్ష్యంగా పనికివస్తాయి కనుక నగదు కంటే ఫోన్‌తో చెల్లించడం మేలు.

తరువాత పెట్టె చూడండి. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన ఎం.ఆర్.పి., ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలని తూనికలు, కొలతల శాఖ నిబంధనలు చెబుతున్నాయి. ముద్రించిన ధర కనిపించకుండా పైన ఎక్కువ ధర చీటీ అంటించిన పెట్టెను అక్కడే వదిలేయండి. 2024 ఆగస్టు 1 నుంచి పాదరక్షలకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలనే నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు అమలులోకి వచ్చాయి. చిన్న తయారీదారులకు సడలింపులు, పాత నిల్వలకు వెసులుబాటు ఇచ్చినందువల్ల ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ప్రతి జతా అక్రమమని అనలేము. అయినా రెండూ ఒకే ధరలో ఉంటే గుర్తున్న దానినే తీసుకోండి, దాని లైసెన్సు నంబరును ఆ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకోండి. పన్ను విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి జత రూ. 2,500 వరకు జీఎస్టీ 5 శాతమే, అదీ ఎం.ఆర్.పి.లో కలిసే ఉంటుంది.

ఒక్క చోట చట్టం మీకు అంతగా తోడు రాదని ముందే చెప్పాలి. బూటులో లోపమేమీ లేదు, కాలికి మాత్రం బిగుతుగా ఉందనుకోండి. దుకాణంలో వేసుకుని చూసి కొన్న జతను మార్చి తీరాలని చట్టం చెప్పదు. మార్పిడి అక్కడి దుకాణం ఇచ్చే మాట మీద ఆధారపడుతుంది. ఆ మాటను ‘7 రోజులలో సైజు మార్పు’ అని బిల్లు మీదే రాయించుకోండి. తమ్ముడిని వెంట తీసుకెళ్లి, కాలేజీకి వేసుకునే సాక్సుతోనే, సాయంత్రం పూట రెండు కాళ్లకూ తొడిగించి కాసేపు నడిపించడం ఏ నోటీసు కన్నా చవక.

ఆన్‌లైన్‌లో కొంటే మీ స్థితి కొంత బలంగానే ఉంటుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా విక్రేత వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదు. సంస్థ నియమించిన ఫిర్యాదుల అధికారి 48 గంటలలో అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. పార్సిల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ కనిపించేలా ఆపకుండా వీడియో తీయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టి, ముందే డబ్బు పంపమని, చిరునామా చెప్పని వారి దగ్గర కొంటే ఈ నిబంధనలు కాగితం మీద వర్తించినా నోటీసు పంపడానికి చిరునామాయే దొరకదు.

రోడ్డు పక్క ఆరు వందలకు దొరికే ‘ఫస్ట్ కాపీ’ గురించి మీరు అడగలేదు, అయినా ఈ బడ్జెట్‌లో దాని మీదికి మనసు పోవడం సహజం. పేరున్న సంస్థ గుర్తును అనుమతి లేకుండా వేసిన సరుకు అమ్మడం ట్రేడ్ మార్కుల చట్టం, 1999 కింద నేరం. సొంతానికి ఒక జత కొన్నవారిని ఆ చట్టం శిక్షించదు. కాని నకిలీ అని తెలిసే కొన్నవారు తరువాత మోసపోయానని చెప్పలేరు, బిల్లూ ఉండదు. మీ స్థితిలో నేనైతే పెద్ద పేరు లేకపోయినా పూర్తి బిల్లు, నిండుగా వివరాలున్న పెట్టెతో ఊళ్లోని దుకాణంలో దొరికే జతకే మొగ్గుతాను. రేపు తిరిగి వెళ్లి అడగడానికి అక్కడ ఒక మనిషి ఉంటాడు.

పాత జత గురించిన ఉత్తరాన్ని మాత్రం కొత్తది కొనే దాకా ఆపవద్దు. కొన్న తేదీ నుంచి 30 రోజులు దాటకముందే అది దుకాణానికి చేరితే, ఆ గడువు మీద ఎదుటివారికి వాదనే మిగలదు. ఊడిన బూట్లను పెట్టెతో సహా అలాగే ఉంచండి. దుకాణంలో ఇమ్మంటే రాతపూర్వకంగా రసీదు తీసుకున్న తరువాతే ఇవ్వండి.