పెద్ద ఫుడ్ కంపెనీ నీతిని ఎక్కడ చూడాలి? మా కోకో కాటా దగ్గర చూశాను నేను

"పెద్ద ఆహార కంపెనీలు సుస్థిరత, వ్యాపార నీతి అని చెప్పే మాటలు ఎంతవరకు నమ్మొచ్చు? ఎంబీఏ ప్రాజెక్టుకి ఫ్రాన్స్ ఆహార కంపెనీ డానోన్‌ని తీసుకుందామనుకుంటున్నా" అని అడిగారు కదా. నేను ఎంబీఏ చదవలేదండి, బీకాంతో ఆపేశాను. కానీ ద్వారకా తిరుమల దగ్గర మా మావయ్యగారికి కొబ్బరి తోట, అందులో అంతరపంటగా కోకో ఉన్నాయి. పదమూడేళ్లుగా ఆ లెక్కల పుస్తకం నా చేతిలోనే ఉంది. చాక్లెట్ కంపెనీలు మాలాంటి వాళ్ల దగ్గరే గింజలు కొంటాయి. కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెప్తాను.

2025 మే నెల. మూడు బస్తాల గింజలు ట్రాలీ ఆటోలో వేసుకుని నేను, మావయ్యగారు కొనుగోలు కేంద్రానికి వెళ్లాం. ఆ మూడు బస్తాల వెనక ఎంత పని ఉందో చెప్పాలి. ఉడతలు, ఎలుకలు తినగా మిగిలిన కాయలు కోసి, ఆడకూలీలు కూర్చుని కర్రతో కొట్టి, గుజ్జుతో సహా గింజ తీస్తారు. దాన్ని గంపల్లో పోసి అరిటాకులు కప్పి ఆరు రోజులు పులియబెట్టాలి. మధ్యలో తిరగెయ్యడానికి చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, అంత వేడి పుడుతుంది లోపల. ఆ తర్వాత వారం పైగా పట్టాల మీద ఎండ. మేఘం కనిపిస్తే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తాలి. ఆ నెలలో రెండుసార్లు అలాగే పరిగెత్తాను.

కేంద్రంలో కుర్రాడు మీటర్ పెట్టి చూశాడు.

"తేమ ఎనిమిది దాటిందండి. ఏడు ఉండాలి. గింజ కూడా చిన్నది, నూరు గ్రాములకి నూట పదిహేను గింజలు తూగుతున్నాయి."

మావయ్యగారు ఏమీ అనలేదు. బస్తాలోంచి ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నొక్కారు. చిటుక్కున పగిలింది. పొట్టు ఊడి కిందపడింది. "ఇది ఆరలేదంటావా అబ్బాయ్?" అన్నారంతే.

నేనుండబట్టలేక అడిగేశాను. "పోయినేడు ఇదే కంపెనీ తరఫున రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికి వ్యాను తెచ్చారు కదా బాబూ. ఇంకా ఆరలేదు, రెండ్రోజులు ఆగండి అన్నా వినకుండా పట్టుకెళ్లారు. అప్పుడీ మీటర్ ఏమైంది?"

ఆ అబ్బాయి తలొంచుకున్నాడు. "పోయినేడు వేరండి. ఈసారి పైనుంచి ఇలాగే చూడమన్నారు."

2024లో మాకు కిలోకి 950 వచ్చింది. ఆ రోజు తరుగు తీసి 430 కట్టారు. ప్రపంచంలో ధర పడిపోయిందన్నారు. ఇంటికొచ్చి నేనే లెక్క కట్టాను. 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటింది, అక్కడి నుంచి తగ్గిన మాట నిజమే. కానీ ఆ మే నెలలో 8 వేలకైతే తగ్గలేదు. డాలరు 85 రూపాయలనుకున్నా కిలో 680 పైమాటే. మిగతా 250 ఏమైందని ఎవర్ని అడగాలి? రైతులు రోడ్డెక్కాక ప్రభుత్వం కలగజేసుకుని, కిలోకి 50 రూపాయలు తను కలిపి 500 చేస్తానంది. అంటే ఆ తేడాలో కొంత జనం పన్నుల్లోంచి పూడ్చినట్టే.

ఆ కేంద్రం గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. నవ్వుతున్న రైతు, చేతిలో కాయ, కింద "సుస్థిర కోకో, సంతోషంగా రైతు" అని. కాటా సరిగ్గా దాని కిందే ఉంది.

ఇక మీ డానోన్ సంగతి. ప్రోటీన్ పొడి ప్రోటినెక్స్ డబ్బా వాళ్లదే. 2020 జూన్‌లో ఆ కంపెనీ వాటాదారులు 99 శాతం పైగా ఓట్లేసి, లాభంతో పాటు సమాజం, పర్యావరణం కూడా మా లక్ష్యమే అని కంపెనీ నిబంధనల్లోనే రాయించారు. దాన్ని ముందుండి నడిపించిన అప్పటి కంపెనీ అధిపతి ఇమాన్యుయెల్ ఫాబెర్‌ని 2021 మార్చిలో, ఏడాది తిరక్కుండానే దించేశారు. షేరు ధర నెస్లే, యూనిలీవర్ల కంటే వెనకబడిందని అందులో వాటాలున్న కొన్ని పెట్టుబడి ఫండ్లు పట్టుబట్టాయి. ప్రాజెక్టుకి డానోన్‌నే తీసుకోండి, కానీ ఆ తొమ్మిది నెలల గురించే ఎక్కువ రాయండి. రాసుకున్న మాట ఖరీదైనప్పుడు బోర్డు ఏం చేసిందన్నదే అసలు పరిపాలన అని నా గట్టి అభిప్రాయం.

చాక్లెట్ కంపెనీలైతే 2001లోనే సంతకాలు పెట్టాయి, పశ్చిమ ఆఫ్రికా కోకో తోటల్లో పిల్లలతో చేయించే అతి ఘోరమైన పనుల్ని 2005 కల్లా లేకుండా చేస్తామని. గడువు జరుగుతూనే పోయింది. 2020లో వచ్చిన సర్వేలో ఐవరీకోస్ట్, ఘనాల్లో కలిపి 15 లక్షలకు పైగా పిల్లలు కోకో పనుల్లో తేలారు. ఇంట్లో గిట్టుబాటు కాకపోతే కూలీకి డబ్బులెక్కడివి, పిల్లల్నే పనిలో పెడతారు. నాకిది చదివి తెలుసుకోవాల్సిన విషయమేం కాదు. మా ఊళ్లో కూలి రేటు పెరిగిన ఏడాది బడి మాని కాయలు ఏరిన పిల్లల్ని చూశాను.

మన దగ్గరా స్టాక్ మార్కెట్ల మీద నిఘా ఉంచే సెబీ 2022-23 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటికి బాధ్యత, సుస్థిరతల నివేదిక తప్పనిసరి చేసింది. చిన్న ఉత్పత్తిదారుల దగ్గర నేరుగా ఎంత శాతం సరుకు కొన్నారో అందులో చెప్పాలి. ఏ రేటుకి కొన్నారో చెప్పే గడి లేదు. పైగా ఆ నివేదికలన్నీ వందల పేజీల ఇంగ్లిషులో ఉంటాయి. గింజ అమ్మినవాడు చదవలేని భాషలో గింజ అమ్మినవాడి సంక్షేమం గురించి రాస్తారు. కనీసం ఆ ఒక్క అధ్యాయమైనా తెలుగులో అచ్చేసి కేంద్రంలో పెట్టమనండి. 

మీరు ఏ కంపెనీని తీసుకున్నా, ధర పెరిగిన ఏడాది కొనుగోలు చీటీ ఒకటి, పడిపోయిన ఏడాది చీటీ ఒకటి సంపాదించండి. తేమ, తరుగు, రేటు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. నా దగ్గర పదమూడేళ్లవీ వరసగా గుచ్చి ఉన్నాయి.

మా తోటలో కోకో మొక్కలు ఉచితంగా ఇచ్చింది కూడా మా గింజలు కొనే ఆ కంపెనీయే. ఎన్ని మొక్కలిచ్చారో రాసుకుని, మావయ్యగారి చేత సంతకం పెట్టించుకుని వెళ్లారు. పోయిన జూలైలో ఆయన దక్షిణం వైపు నాలుగు వరసలు తీయించేశారు. కాపు మీదున్న చెట్లు. రంపం ఆగేదాకా ఆయన తోటలోకి వెళ్లలేదు. ఎన్ని చెట్లు పోయాయో రాసుకోవడానికి మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు. నా పుస్తకంలో నేను రాశాను, నూట నలభై రెండు.