కంపెనీ తయారుచేసిన స్టార్లు, మాటలు మానేసిన అమ్మాయి

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. మా అమ్మాయికి 16. రెండేళ్ళుగా ఒక కొరియన్ బ్యాండ్ తప్ప తనకు వేరే లోకం లేదు. నేను బీటిల్స్, పాత రాక్ బ్యాండ్లు వింటూ పెరిగినవాణ్ణి. కాస్త గిటార్ వాయిస్తాను. మొన్న భోజనాల దగ్గర తను వాళ్ళ కొత్త పాట గురించి చెబుతుంటే, 'వాళ్ళు కళాకారులు కారమ్మా, మొహాలు చూసి కంపెనీ ఏరుకున్న బొమ్మలు. పాట రాసేది ఒకరు, స్టెప్పులు నేర్పేది ఇంకొకరు' అన్నాను. కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి అవసరానికి మించి మాట్లాడటం లేదు. ఒకప్పుడు నా పాటల్ని గోల అని టేప్ రికార్డర్ ఆపించిన మా నాన్న, ఇప్పుడు మనవరాలి పక్కన కూర్చుని ఆ వీడియోలు చూస్తున్నారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. ఒకే ఆల్బమ్ నాలుగు కాపీలు కొంది, అర్ధరాత్రి దాకా మేలుకుంటోంది, వాళ్ళ కాన్సర్ట్‌కి వెళ్తానంటోంది. నేను చెప్పింది అబద్ధమా? తనకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

జవాబు:

మీరు చెప్పింది అబద్ధం కాదు, చాలావరకు నిజమే. అయితే ఆ నిజాలన్నీ మీ అమ్మాయికి మీకంటే బాగా తెలుసు. ఏ కుర్రాడు ఏ వయసులో ఆడిషన్‌కి వెళ్ళాడు, ఎన్నేళ్ళు ట్రెయినీగా ఉన్నాడు, ఏ పాటకు ఎవరు ట్యూన్ కట్టారు, ఏ స్టెప్పు ఎవరు కంపోజ్ చేశారు అన్నది ఆ అభిమానులు వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. కొరియాలో ఈ పద్ధతిని ఎవరూ దాచలేదు. 1995లో ఎస్‌.ఎం. ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంగీత కంపెనీ పెట్టిన లీ సూ-మాన్, 1996లో హెచ్‌.ఓ.టి. అనే అయిదుగురు కుర్రాళ్ళ బృందాన్ని తెచ్చిన దగ్గర్నుంచి అక్కడ అది మామూలైపోయింది. పిల్లల్ని ఏరుకుంటారు, పాట, డాన్స్, భాషలు, కెమెరా ముందు మాట్లాడటం ఏళ్ళ తరబడి నేర్పిస్తారు, ఆ తర్వాతే జనం ముందుకు తెస్తారు. మీరు తనకు తెలియని గుట్టు విప్పానని అనుకున్నారు. తనకు మాత్రం 'నీకు మంచీ చెడ్డా తెలియదు, ఎవరు ఏది అమ్మితే అది కొనేస్తావు' అన్నట్టు వినిపించింది. కంచం వదిలి లేచింది అందుకే.

ఇప్పుడు మీరు ఇష్టపడే బీటిల్స్ సంగతి చూద్దాం. వాళ్ళు గొప్పవాళ్ళే, అందులో వాదన లేదు. 1961 చివర్లో, తర్వాత వాళ్ళ మేనేజర్ అయిన బ్రయన్ ఎప్‌స్టైన్ లివర్‌పూల్ క్లబ్బులో చూసేటప్పటికి వాళ్ళు తోలు జాకెట్లు వేసుకుని, స్టేజి మీదే తింటూ, కేకలేస్తూ వాయించే కుర్రాళ్ళు. సూట్లు తొడిగించింది ఆయనే. పాట అయ్యాక నలుగురూ ఒకేసారి వంగి నమస్కరించడం నేర్పింది కూడా ఆయనే. మొదటి రికార్డు రావడానికి కొద్ది వారాల ముందు, 1962 ఆగస్టులో, డ్రమ్మర్ని మార్చేశారు. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో వాళ్ళను సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. మర్నాడు పెద్దవాళ్ళు మాట్లాడుకున్నది ఎక్కువగా వాళ్ళ జుట్టు గురించి, ఆడపిల్లల కేకల గురించి. ఆ కేకలు వేసిన పిల్లల వయసు ఇంచుమించు మీ అమ్మాయి వయసే. పాటలో ఏముందో ఆ పిల్లలే ముందు పట్టుకున్నారు. విమర్శకులకు తర్వాత అర్థమైంది.

ఇంకాస్త వెనక్కెళితే, డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ కథ మీరు వినే ఉంటారు. 1959లో దాన్ని మొదలుపెట్టిన బెర్రీ గోర్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేసినవాడు. ఒక చివర మామూలు కుర్రాడు లోపలికి వస్తే ఇంకో చివర స్టార్ బయటికి రావాలన్నది తన ఆలోచన అని ఆయనే బాహాటంగా చెప్పుకున్నాడు. నడక, కూర్చునే తీరు, నలుగురిలో మాట్లాడే పద్ధతి నేర్పడానికి మాక్సీన్ పవెల్ అనే ఆవిడను పెట్టాడు. స్టెప్పులకు వేరే మాస్టరు, పాటలు రాయడానికి వేరే బృందం ఉండేవి. ఆ రికార్డుల్లో వాయించిన స్టూడియో వాద్యకారుల పేర్లు చాలా ఏళ్ళు ఆల్బమ్‌ల మీద పడనే లేదు. ఆ అసెంబ్లీ లైన్ నుంచే గాయకుడు మార్విన్ గే వచ్చాడు, 11 ఏళ్ళకు ఒప్పందం కుదిరిన స్టీవీ వండర్ వచ్చాడు. వాళ్ళ గొంతులో మనసు లేదని ఈరోజు ఎవరైనా అంటే మీరే ఒప్పుకోరు.

ఎలా తయారయ్యారు అన్న ప్రశ్నకూ, పాట బాగుందా అన్న ప్రశ్నకూ ఒకటే జవాబు ఉండదు. నలుగురు స్నేహితులు గ్యారేజీలో కూర్చుని నిజాయితీగా చేసిన పాట పరమ బోరుగా ఉండొచ్చు. కంపెనీ జీతమిచ్చి చేయించిన పాట ఎవరినో ఒక చెడ్డ రాత్రి గట్టెక్కించవచ్చు. పైగా తయారైనవాళ్ళు తయారైనట్టే ఉండిపోరు. 1965లో పత్రికలో ప్రకటన ఇచ్చి, ఒక టీవీ సీరియల్ కోసం నలుగురిని ఏరి మంకీస్ అనే బ్యాండ్‌ని తయారుచేశారు. మొదటి ఆల్బమ్‌లలో ఎక్కువభాగం వాయించింది వేరేవాళ్ళు. కానీ 1967కల్లా ఆ నలుగురూ ఎదురు తిరిగి, మూడో ఆల్బమ్‌లో తామే వాయించారు. మార్విన్ గే కూడా 1971లో తనకు నచ్చిన ఆల్బమ్ తీయడం కోసం కంపెనీతో గట్టిగా పోట్లాడాల్సి వచ్చింది. మీరు బొమ్మలు అంటున్నవాళ్ళు కూడా మనుషులేనండీ, పెరుగుతారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ 'బొమ్మలు' అన్న మాటే. 1990లో మిల్లీ వనిల్లీ అనే పాప్ జోడీకి జరిగింది మీ తరంవాళ్ళు మరిచిపోయి ఉండరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆ ఇద్దరు కుర్రాళ్ళకు గ్రామీ సంగీత అవార్డు వచ్చింది. రికార్డులో పాడింది వాళ్ళు కాదని నవంబరులో నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ స్వయంగా ఒప్పుకున్నాడు. అవార్డు వెనక్కి తీసుకున్నారు. సినిమా పాటకు నటుడు పెదాలు కదిపితే ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే పాడినవాళ్ళ పేరు వేస్తారు. ఇక్కడ ఆ పేరు దాచారు, అది మోసమే. కానీ ఆ మోసానికి లోకం ఎవరిని చూసి నవ్వింది? ఆ ఇద్దరినీ. ప్లాన్ వేసిన నిర్మాత ఆ తర్వాతా రికార్డులు తీస్తూనే ఉన్నాడు. ఆ ఇద్దరిలో ఒకడు 1998లో చనిపోయాడు. తయారైన స్టార్ అని మనం చులకన చేసినప్పుడల్లా ఆ దెబ్బ తగిలేది తయారుచేసినవాడికి కాదు, పదమూడో పద్నాలుగో ఏట ఒప్పందం మీద సంతకం పెట్టిన పిల్లలకి. మీ అమ్మాయి ఆ పిల్లల్ని వాళ్ళ ట్రెయినీ రోజుల వీడియోల నుంచి చూస్తూ వస్తోంది. వాళ్ళ కాలి నొప్పులు, ఏడుపులు, ఇంటి మీద బెంగ అన్నీ తనకు తెలుసు. వాళ్ళను మీరు బొమ్మలంటే తనకు కష్టంగా ఉండటం సహజం, అందులో నాకు మంచి మనసే కనిపిస్తోంది.

మీ కోపం కంపెనీల మీద అయితే, నమ్మండి, అమ్మాయి మీ వైపే ఉంటుంది. 2009లో టీవీఎక్స్‌క్యూ అనే కొరియన్ బృందంలో ముగ్గురు తమ 13 ఏళ్ళ ఒప్పందం అన్యాయమని కోర్టుకెళ్ళారు. అదే ఏడాది కొరియాలో ప్రభుత్వ సంస్థ ఒప్పందం ఏడేళ్ళు దాటకూడదంటూ ఒక నమూనా తెచ్చింది. తమ అభిమాన గాయకులను సరిగ్గా చూడటం లేదని ఏజెన్సీ ఆఫీసు ముందుకి నిరసన బోర్డులున్న ట్రక్కులు పంపే అభిమానులున్నారు. 'వీళ్ళ ఒప్పందం ఎన్నేళ్ళు? నిద్ర సరిగ్గా పోనిస్తారా? పాటల డబ్బులు వీళ్ళకి వస్తాయా?' అని అడిగి చూడండి. గంటసేపు చెబుతుంది. మీరు చెప్పాలనుకున్న విమర్శ సగం తన నోటి నుంచే వస్తుంది.

ఇక మీ నాన్నగారి విషయం. మీ ఉత్తరంలో ఒళ్ళు మండుతోందన్న మాట మీరు బ్యాండ్ గురించి రాయలేదు, ఆయన మనవరాలి పక్కన కూర్చోవడం గురించి రాశారు. మీకు పదహారేళ్ళప్పుడు ఎవరైనా మీ పక్కన కూర్చుని 'ఈ గిటార్ ఎవరు వాయించార్రా?' అని అడిగి ఉంటే ఎంత బాగుండేదో మీకు తెలుసు. ఆ అడగాల్సిన మనిషి అప్పుడు ఆపేయమన్నారు, ఇప్పుడు మనవరాలి దగ్గర అడుగుతున్నారు. అది బాధే. దాన్ని చిన్నతనం అనుకుని కొట్టిపారేయకండి. కుర్రతనంలో విన్న పాటలు మనిషిలో జీవితాంతం మిగతావాటికంటే గట్టిగా నిలబడతాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్ళు చెబుతారు. ఆ పాటల్ని కాదన్న మాట కూడా అంతే గట్టిగా నిలుస్తుంది.

వీలు చూసుకుని ఆయనతోనే చెప్పండి. దెప్పిపొడవనక్కర్లేదు. 'నా టేప్ రికార్డర్ ఆపించేవారు గుర్తుందా నాన్నా, అప్పుడు నాకు చాలా కష్టంగా ఉండేది' అంటే చాలు. ఆయన ఏమంటారో నేను చెప్పలేను, గుర్తులేదనే అనవచ్చు కూడా. కానీ ఆ మాట చేరాల్సింది ఆయనకి. ఇన్నాళ్ళూ అది మీ అమ్మాయి దాకా పోతోంది. ఒకటి మాత్రం గమనించండి. ఆయనకు ఆ పాటలు నచ్చాయో లేదో మీకు తెలియదు, బహుశా మీ అమ్మాయికీ తెలియదు. పక్కన కూర్చుంటున్నారు, అంతే. తనకు అదే చాలింది.

అమ్మాయితో ఏం చేయాలంటే, ముందు ఆ భోజనాల దగ్గర మాట వెనక్కి తీసుకోండి. పాటలు నచ్చాయని అబద్ధం చెప్పకండి, పదహారేళ్ళ పిల్లలు అది చిటికెలో పట్టేస్తారు. 'నాకు ఆ పాటలు ఇంకా ఎక్కలేదు. కానీ వాళ్ళని బొమ్మలనడం తప్పు, నిన్ను తక్కువ చేసినట్టయింది' అనండి. తర్వాత తనకు బాగా ఇష్టమైన పాట ఒక్కటి పెట్టమనండి. మధ్యలో ఫోన్ చూడకుండా, ఆఖరిదాకా వినండి. మీరు గిటార్ వాయిస్తారు కదా, ఆ చెవితో వినండి. ఒకే లైనులో ఇద్దరి గొంతులు ఎక్కడ మారుతున్నాయో, బేస్ ఎక్కడ ఆగిపోతోందో, కోరస్ ముందు గిటార్ కార్డ్ (స్వరాల కలయిక) ఎటు తిరుగుతోందో చూడండి. నచ్చని చోటు చెప్పండి, నచ్చింది ఉంటే అదీ చెప్పండి. పాట గురించి మీరు ఎంత గట్టిగా విమర్శించినా తను వాదిస్తుంది తప్ప లేచి వెళ్ళదు. కుదిరితే దాని గిటార్ కార్డ్స్ పట్టుకుని వాయించి చూపించండి.

మాటలు కలిశాకే డబ్బు సంగతి ఎత్తండి. ఇందులో మీ భయం న్యాయమైనదే. ఒకే ఆల్బమ్‌ని నాలుగైదు కవర్లతో తెస్తారు, లోపల ఏ సభ్యుడి ఫొటోకార్డు వస్తుందో ముందు తెలియనివ్వరు, కావలసిన కార్డు వచ్చేదాకా పిల్లలు కొంటూనే ఉంటారు. ఎక్కువ కాపీలు కొన్నవాళ్ళకి స్టార్లను కలిసే లాటరీలో ఎక్కువ అవకాశాలు ఉంటాయి. ఇది సంగీతం మీద ప్రేమను లెక్కగట్టి పిండుకోవడమే, ఈ మాట తనతో ముక్కుసూటిగా చెప్పండి. నెలకింత అని తన చేతికే ఇవ్వండి, దాంట్లో ఏం కొనుక్కుంటుందో తన ఇష్టం, దాటితే లేదు. కావలసిన కార్డు అభిమానులు ఒకరితో ఒకరు మార్చుకుంటారు, దానికోసం ఇంకో ఆల్బమ్ కొనక్కర్లేదు. నిద్ర విషయంలో మాత్రం బేరాలు వద్దు. లైవ్‌లు, ఓటింగులు, స్ట్రీమింగ్ లెక్కలు ఏవైనా సరే, చదువుకునే రోజుల్లో ఫోన్ రాత్రి హాల్లో ఉండాలి. మీ ఫోన్ కూడా అక్కడే పెట్టండి.

కాన్సర్ట్‌కి పంపండి. ఒంటరిగా కాదు, మీరు కూడా వెళ్ళండి. టికెట్ అధికారికంగా అమ్మే చోటే కొనండి, బయట ఎవరో రెట్టింపు ధరకు ఇస్తామంటే నమ్మకండి. ఇద్దరికీ ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్ళండి, ఆ హోరు చెవులకు మంచిది కాదు. తను స్నేహితులతో కూర్చుంటానంటే మీ సీటు కాస్త వెనక తీసుకోండి. మీ నాన్నగారు వస్తానంటారేమో, అడిగి చూడండి.