సెలవు ఓకే కాకముందే టికెట్లు తీసుకోవచ్చా? నేను తీసుకున్నాను

మే నెలలో అమ్మానాన్నలతో పదహారు రోజులు చార్‌ధామ్ వెళ్ళాలి, మేనేజర్ ఇంకా సెలవు ఓకే చేయలేదు, ఆగితే టికెట్లు దొరికేలా లేవు, బుక్ చేసేయమంటారా అని ఒకరు అడిగారు. ఇలాంటి విషయం ఎవరిని అడిగినా "ముందు అప్రూవల్, తర్వాతే బుకింగ్" అంటారు. నేను మాత్రం బుక్ చేసేయమనే చెప్తాను. పెద్దవాళ్ళతో ప్రయాణమైతే అసలు ఆలోచించకండి.

మా ఇంట్లో ఒక కాశీ ప్రయాణం సెలవు కోసం ఆగి ఆగి చివరికి జరగకుండానే పోయింది. మా నాన్నగారు తహసీల్దార్ ఆఫీసులో పనిచేశారు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని ఆయనకీ అమ్మకీ కోరిక. తల్లి కడుపులో గడిపిన తొమ్మిది నెలలకి గుర్తుగా తొమ్మిది రాత్రులు ఉండాలని, మధ్యలో ఊరు దాటకూడదని మనవాళ్ళు అంటారు కదా. రానూపోనూ కలిపితే పన్నెండు రోజులు. ప్రతి ఏడాదీ ఏదో ఒకటి అడ్డుపడేది. ఒకసారి ఎన్నికలు, ఒకసారి వరదలు, ఒకసారి జమాబందీ (ఊళ్ళ రెవెన్యూ లెక్కల తనిఖీ). ఆయన కాగితం పెట్టేవారు, పైవాళ్ళు "ఇప్పుడు కాదులేవయ్యా" అనేవారు, ఈయన సరే సార్ అని వచ్చేసేవారు. సెలవును హక్కుగా అడగకూడదని ప్రభుత్వ నిబంధనల్లోనే ఉందమ్మా అని మాకు పాఠం చెప్పినట్టు చెప్పేవారు. రిటైరయ్యేనాటికి 300 రోజుల ఈఎల్స్ (సంపాదించుకున్న సెలవులు) ఖాతాలో ఉన్నాయి. 300కి మించి దాచుకోనివ్వరు కాబట్టి ఆపైన రావలసినవి అలాగే పోయాయి. ఆ 300 రోజులకీ డబ్బు వచ్చింది. ఎనిమిది నెలలకి నాన్నగారు పోయారు. కాశీ చూడలేదు.

అందుకే 2023లో అమ్మ మళ్ళీ కాశీ మాట ఎత్తినప్పుడు ముందు టికెట్ తీసి తర్వాతే ఆఫీసులో చెప్పాలని గట్టిగా అనుకున్నాను. అమ్మకి కార్తీక మాసంలోనే వెళ్ళాలని ఉంది. సికింద్రాబాద్ నుంచి కాశీ వెళ్ళే మనవాళ్ళందరికీ దానాపూర్ ఎక్స్‌ప్రెస్ తెలుసు. కాశీ ఊళ్ళోకి పోదు, మొగల్‌సరాయ్‌లో దిగి ఆటోలో వెళ్ళాలి. 2018లో ఆ స్టేషన్ పేరు మార్చారు గానీ మా పెద్దమ్మ ఇప్పటికీ మొగల్‌సరాయ్ అనే అంటుంది. అప్పట్లో రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు (2024 నవంబరు నుంచి 60 రోజులు చేశారు). నవంబరు 19 ప్రయాణానికి జూలై 22న పొద్దున్న ఎనిమిదింటికి కూర్చుని అమ్మకి, పెద్దమ్మకి, నాకు థర్డ్ ఏసీ తీశాను. వాళ్ళిద్దరికీ లోయర్ బెర్తులు దొరికాయి. సీనియర్ సిటిజన్ రాయితీ మాత్రం లేదు. అంతకుముందు 58 దాటిన ఆడవాళ్ళకి సగం ధరే ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరుతో ఆపారు. మూడేళ్ళు దాటి, కరోనా సర్దుకుని, రైళ్ళన్నీ కిక్కిరిసి తిరుగుతున్నా ఆ రాయితీ తిరిగి ఇవ్వలేదు. పింఛను డబ్బులతో యాత్రలకి వెళ్ళే ముసలివాళ్ళ దగ్గర ఆ సగం మిగుల్చుకోవడం నాకు ఎప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. మా కంపెనీ పోర్టల్‌లో 60 రోజుల కంటే ముందు తేదీలకి లీవ్ పెట్టడానికి వీలు లేదు. రైలేమో అప్పట్లో 120 రోజుల ముందే నిండిపోయేది. అప్రూవల్ వచ్చేదాకా ఆగమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ లెక్క చూడరు. అందుకని టికెట్లు తీసిన రోజే మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అమ్మని కాశీ తీసుకెళ్తున్నాను, టికెట్లు తీసుకున్నాను, పోర్టల్ తెరుచుకోగానే లీవ్ పెడతాను, నా పని ఎవరికి అప్పగించేదీ అక్టోబరులో రాసి ఇస్తాను అని. టికెట్ తీసిన సంగతి మేనేజర్‌కి తెలియనివ్వద్దని కొందరు చెప్తుంటారు. అది తప్పు. దాచిపెట్టి చివర్లో బయటపెడితే మనం ఇరికించినట్టు అవుతుంది. నాలుగు నెలల ముందే చెబితే సర్దుకోవడానికి వాళ్ళకీ టైం ఉంటుంది.

మెయిల్‌కి ఒక్క మాట జవాబు వచ్చింది. "చూద్దాం."

ఈ "చూద్దాం" మన ఆఫీసుల్లో చేసినంత నష్టం "కుదరదు" చేయలేదని నా నమ్మకం. కుదరదంటే తేదీ మార్చుకుంటాం, లేదా ఇంకెవరినైనా తోడు పంపుతాం. చూద్దాం అన్నాక అటూ లేదు ఇటూ లేదు. ఇంట్లో అమ్మ పొడులు కొట్టుకుంటూ ఉంటుంది, మనకి లోపల టెన్షన్. అడిగినవాడు గుర్తుచేస్తే విసిగిస్తున్నాడంటారు, చేయకపోతే మర్చిపోతారు. సెప్టెంబరులో పోర్టల్‌లో పెట్టిన లీవ్ అక్టోబరంతా పెండింగ్‌లోనే ఉంది.

నేను చేసేది ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, స్టెబిలిటీ సెక్షన్‌లో. ఈ పని తెలియనివాళ్ళకి చెప్పాలి. తయారైన మందుని 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలాంటి లెక్కల ప్రకారం చాంబర్లలో నెలల తరబడి ఉంచుతాం. మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల అలా అనుకున్న తేదీకి తీసి పరీక్ష చేయాలి. తేదీ తప్పిందంటే దానికో కాగితం, విచారణ, సంజాయిషీ. నేను లేకపోయినా ఆ తేదీలు ఆగవు. కాబట్టి మేనేజర్ భయం ఉత్తది కాదు, అది నేను ఒప్పుకుంటాను.

నవంబరు 3న విదేశీ కస్టమర్ ఆడిట్, అంటే మా మందులు కొనేవాళ్ళు వచ్చి చేసే తనిఖీ, ఖాయమైందని చెప్పారు. 20 నుంచి 24 వరకు. ఆ సాయంత్రమే నా లీవ్ రిజెక్ట్ అయింది. కారణం దగ్గర "బిజినెస్ ఎక్సిజెన్సీ" అని ఉంది, అంటే కంపెనీ పని అవసరం అని. నేరుగా ఆయన క్యాబిన్‌కి వెళ్ళాను.

"ఆడిట్ టైంలో స్టెబిలిటీ వాళ్ళు లేకపోతే ఎలాగమ్మా? ముందే టికెట్లు ఎవరు తీసుకోమన్నారు?"

"జూలైలోనే మెయిల్ పెట్టాను కదా సార్. అప్పుడు మీరు వద్దనలేదు."

"సరే అని కూడా అనలేదు కదా."

నిజమే, అనలేదు. ఒళ్ళు మండిపోయింది గానీ వాదిస్తే ఉపయోగం లేదనిపించింది. ఆడిట్ ఎప్పుడు అయిపోతుంది సార్ అని అడిగాను. శుక్రవారం సాయంత్రం అన్నారు. అయితే శనివారం నుంచి ఇవ్వండి, 25 నుంచి 30 వరకు అన్నాను. "మరి ఆ వారం తీయాల్సిన శాంపిల్స్?" అన్నారు. మా సెక్షన్‌లో పాలకొండ నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు, ఏదో సంతకానికి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "అక్క లైన్ నేను చూసుకుంటాను సార్, లిస్టు నా దగ్గరుంది" అన్నాడు. అరగంటలో అప్రూవల్ వచ్చింది.

మూడున్నర నెలలు మెయిల్, పోర్టల్ చుట్టూ తిరిగితే రానిది ఆ ఒక్క మాటకి వచ్చింది. అందుకే చెప్తున్నాను, సంతకం పెట్టేది మేనేజరే అయినా సెలవు ఇచ్చేది మన పక్కన కూర్చుని పనిచేసే మనిషే. టికెట్ తీసేముందు అడగాల్సింది ఆ మనిషిని. తర్వాత సంక్రాంతికి అతను ఎనిమిది రోజులు ఊరెళ్తే అతని పని మొత్తం నేను చేశాను, ఒక్క తేదీ తప్పకుండా. ఇప్పటికీ మా ఇద్దరికీ ఆ ఒప్పందం ఉంది.

నా బెర్తు ఒక్కటీ క్యాన్సిల్ చేశాను. రైలుకి 48 గంటల కంటే ముందు చేస్తే అప్పట్లో థర్డ్ ఏసీకి 180 రూపాయలు, పైన జీఎస్టీ పట్టుకునేవారు. పెద్ద నష్టం కాదు. 25వ తేదీకి విమానం టికెట్ మాత్రం ఏడు వేల చిల్లర అయింది.

అసలు కష్టం 19వ తేదీ పొద్దున్న. ఆదివారం, అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్ రోజు. స్టేషన్ నిండా నీలం టీషర్టుల కుర్రాళ్ళు. అమ్మనీ పెద్దమ్మనీ ఎక్కించి, సామాను సీటు కిందకి తోసి, మొగల్‌సరాయ్‌లో ఆటో అతనికి చూపించడానికి ఆంధ్రాశ్రమం, మానసరోవర్ ఘాట్ అని హిందీలో రాసిన కాగితం అమ్మ పర్సులో పెట్టాను. పులిహోర, పెరుగన్నం, రెండు రోజులకి సరిపడా మందులు. అమ్మ చేతిసంచి మాత్రం వదలడం లేదు. అందులో నాన్నగారి ఉత్తరీయం ఉంది, గంగలో ముంచి తేవాలని పట్టుకెళ్తోంది. పెద్దమ్మకి నా మీద కోపం. "రాత్రింబవళ్ళు ప్రయాణం, మోకాళ్ళ నొప్పులు, మమ్మల్నిద్దరినీ ఇలా పంపిస్తావుటే?" అంది.

"ఊరుకో అక్కా, దాని ఉద్యోగం దానిది" అంది అమ్మ.

నాకు ఒక్కసారిగా గొంతు పట్టేసింది. నాన్నగారి కాగితం వెనక్కి వచ్చిన ప్రతిసారీ మా నాయనమ్మ దగ్గర అమ్మ ఇదే మాట అనేది. ఆయన ఉద్యోగం ఆయనది అత్తయ్యా, అని. ముప్పై ఏళ్ళు ఆ మాటతోనే సర్దుకుంది. రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, అక్కడి నుంచి నేరుగా ప్లాంట్‌కి వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకున్నారు. మేం లోపల చాంబర్ రికార్డులు ఒక్కో పేజీ చూస్తూ కూర్చున్నాం. మ్యాచ్ ఓడిపోయారని ఎవరో వచ్చి చెప్తే ఎవరూ తల కూడా ఎత్తలేదు. నాగపూర్ దాటాక అమ్మ ఫోన్ చేసింది. మంచిర్యాలలో ఎక్కినవాళ్ళు కూడా ఆశ్రమానికేనట, వాళ్ళబ్బాయి మన సామాను దింపుతాడట, నువ్వు అన్నం తిను అంది.

ఐదు రోజుల ఆడిట్‌లో మా సెక్షన్‌కి వాళ్ళు వచ్చింది గురువారం ఒక్క పూట. అడిగినవాటికి ఆ పాలకొండ కుర్రాడు కూడా నాలాగే చెప్పగలడు, చెప్పాడు కూడా. అందరూ ఉండాల్సిందే అనేది పైవాళ్ళ ధైర్యం కోసమే తప్ప పని కోసం కాదని నాకు ఆరోజు గట్టిగా అనిపించింది.

శనివారం సాయంత్రానికి కాశీ చేరాను. అమ్మకి అప్పటికే ఐదు రాత్రులు అయ్యాయి, నాకు నాలుగు దక్కాయి. 27న దేవ్ దీపావళి, కాశీలో కార్తీక పౌర్ణమికి చేసే దీపాల పండుగ. ఘాట్ల పొడుగునా మెట్టు మెట్టుకీ దీపాలు, అడుగు పెట్టడానికి చోటు లేదు. అమ్మ నా భుజం పట్టుకుని మానసరోవర్ ఘాట్‌లో ఒక్కో మెట్టూ దిగింది. ఉత్తరీయం అప్పటిదాకా ముంచలేదు. వచ్చిన రోజే ముంచుదామని పెద్దమ్మ అంటే, పిల్ల వచ్చాక అందట. ఇద్దరం చెరో కొసా పట్టుకుని ముంచాం. 30న తెలంగాణలో పోలింగ్, మేము ఆ రాత్రికి గానీ ఇల్లు చేరలేదు. ఓటు పోయిందని అమ్మ చాలా రోజులు బాధపడింది.

మరుసటి ఏడాది అమ్మ మోకాలు బాగా అరిగిపోయింది. ఇప్పుడు మా ఇంటి గుమ్మం ముందున్న మూడు మెట్లు దిగడానికే చెయ్యి పట్టుకోవాలి. 2023లో నేను అప్రూవల్ కోసం ఆగి ఉంటే అప్పటికి టికెట్లు ఉండేవి కావు, తర్వాత ఆ మెట్లు దిగే ఓపిక అమ్మకి ఉండేది కాదు.

ఇంకొకటి. సెలవు రిజెక్ట్ చేస్తే ఆ రోజులు ఇక పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అప్పుడు మాకు వర్తించిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి. అలా అడిగినా ఇవ్వని సెలవు ఎంతైనా వచ్చే ఏడాదికి మోసుకుపోవచ్చు. మా హెచ్‌ఆర్‌కి నేనే చూపించాల్సి వచ్చింది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కాబట్టి ఇప్పుడు మీకేది వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి. ఏ చట్టమైనా మీ దగ్గర తేదీతో ఉన్న కాగితం కావాలి, నోటిమాట చాలదు.

మీ సంగతికి వస్తే, రైలు టికెట్లు ముందు తీసేయండి. చార్‌ధామ్‌కి రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పనిసరి, అదీ తెరవగానే అందరి పేర్లతో చేయించండి. డబ్బు వెనక్కి రాని ప్యాకేజీలు, హోటళ్ళ జోలికి మాత్రం సెలవు తేలేదాకా వెళ్ళకండి. ఆ పదహారు రోజులూ మీ పని చూసే మనిషితో ఇవాళే మాట్లాడి, ఆ పేరు రాసి మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. అమ్మానాన్నల టికెట్లు మీ టికెట్‌తో కలిపి ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నా మీది ఒక్కటే క్యాన్సిల్ చేసుకోవచ్చు. ఒకవేళ మీకు ఆలస్యమైతే వాళ్ళని ఆపకండి, తోడు ఎవరినైనా చూసి ముందు పంపించి మీరు హరిద్వార్‌లో కలవండి.