ఆన్‌లైన్ బ్యాక్‌గామన్‌లో (పాచికలు వేసి కాయలు నడిపే ఇద్దరి ఆట) రేటింగ్ 1500 దాటడం లేదు, ఎలా పెంచుకోవాలి?

ముందు లెక్క చూడండి. ఫిబ్స్ అనే ఆన్‌లైన్ బ్యాక్‌గామన్ సర్వర్ పద్ధతిలో కొత్తవారికి 1500 ఇస్తారు. సమానులు ఆడితే 1 పాయింటు మ్యాచ్‌కి రేటింగ్ 2, 9 పాయింట్ల మ్యాచ్‌కి 6 మారుతుంది. వారంలో 40 పడిపోతే అది పాచికల పనే కావచ్చు, కంగారుపడి ఆట మార్చకండి. మీకంటే 200 తక్కువున్నవారితో 9 పాయింట్ల మ్యాచ్ గెలిస్తే దాదాపు 4 వస్తుంది, ఓడితే 8 పోతుంది.

చాలామంది నష్టపోయేది డబ్లింగ్ క్యూబ్ (ఆట పందెం రెట్టింపు చేసే ఘనం) దగ్గర. అవతలివారు డబుల్ చేసినప్పుడు మీకు గెలుపు అవకాశం 25 శాతం ఉంటే తీసుకోవచ్చు, అంటే రెట్టింపుకి ఒప్పుకుని ఆడొచ్చు. ఎందుకంటే అలాంటి నాలుగు ఆటలూ వదిలేస్తే పోయేది 4 పాయింట్లు. తీసుకుని మూడు ఓడితే 6 పోయి, ఒకటి గెలిస్తే 2 వస్తుంది. నికరం అదే 4. గామన్ (ఒక్క కాయా బయటికి తీయకుండా ఓడి రెట్టింపు పోగొట్టుకోవడం) ప్రమాదం ఉంటే ఇంకా ఎక్కువ అవకాశం కావాలి. కాయలు ఒకదాన్నొకటి దాటేసిన పరుగులో మాత్రం 22 శాతం దగ్గర కూడా తీసుకోవచ్చు, క్యూబ్ మీ చేతికొస్తుంది కాబట్టి. మ్యాచ్ చివర్లో ఈ శాతాలన్నీ స్కోరును బట్టి మారతాయి.

ఓపెనింగ్‌లు, అంటే ఆట మొదట పడే పాచికలు, 15 రకాలే, బట్టీపట్టేయండి: 3-1 పడితే 5వ గడి, 4-2కి 4వది, 6-1కి 7వది కట్టాలి (అక్కడ రెండు కాయలు పెట్టాలి).

ఉచితంగా దొరికే జీఎన్‌యూ బ్యాక్‌గామన్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాచ్‌లు విశ్లేషించండి, గెలిచినవి కూడా. అదృష్టం కప్పేసిన తప్పులు వాటిలోనే ఎక్కువ.