అమ్మమ్మ నడిచింది కాదు, నడిచేది

అమ్మాయ్,

నీ కథ, దానికి నువ్వే చేసిన స్పానిష్ అనువాదం చదివాను. తెలుగులో ఒక్క క్రియ కూడా మార్చక్కర్లేదు. "అమ్మమ్మ పెదజాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని నడిచేది, ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మేది." స్పానిష్‌కి వచ్చేసరికి పాపం అదే అమ్మమ్మ ఒక్క రోజు నడిచి, ఒక్కసారి అమ్మి ఊరుకుంది. 'కమినో', 'వెందియో' అంటే నడిచింది, అమ్మింది. నీకు కావలసింది 'కమినాబ', 'వెందీయ', అంటే నడిచేది, అమ్మేది.

రూపాలకి టెన్షన్ పడకు. 'కమినార్' (నడవడం)లో చివరి 'ఆర్' తీసేసి 'ఆబ' వరస చేరిస్తే కమినాబ, కమినాబస్, కమినాబ, కమినాబమొస్, కమినాబయిస్, కమినాబన్. దీర్ఘం పెట్టినచోట ఊనిక. ఏర్, ఈర్‌తో ముగిసే క్రియలకి 'ఈయ' వరస: వెందీయ, వెందీయస్, అలా. దారి తప్పేవి మూడే: సేర్ (ఉండటం), ఈర్ (వెళ్ళటం), వేర్ (చూడటం). వాటికి ఏర, ఈబ, వెయీయ.

ఒక చిక్కుంది. 'కమినాబ' అంటే నేను నడిచేదాన్ని, ఆమె నడిచేది, అతను నడిచేవాడు, అన్నీ. మన క్రియ చివర చూస్తే మనిషి తెలిసిపోతుంది, అక్కడ తెలీదు. నీ రెండో పేజీలో నువ్వూ అమ్మమ్మా కలిసి బీచ్ రోడ్డు మీద వెళ్తుంటే ఎవరు అలిసిపోయారో నాకు అర్థం కాలేదు. అలాంటిచోట 'యో' (నేను), 'ఎయ్య' (ఆమె) పెట్టు.

'నడిచేది, నడిచేవాడు' లాంటి రూపాలు ఉన్నచోట మన చెవే దారి చూపిస్తుంది. అవి లేనిచోటే దెబ్బ తింటాం. "అప్పుడు నాకు ఏడేళ్ళు" అన్నావు, అందులో క్రియే లేదు. స్పానిష్‌లో 'తెనీయ' ఉండాలి. "బయట వాన పడుతోంది, మావయ్య తలుపు కొట్టాడు" అన్నావు. జరిగిపోయిన కథలోనూ మనం 'పడుతోంది' అంటాం కదా! దాన్ని చూసి నువ్వు వర్తమానంలో 'యువేవె' రాశావు. అది 'యొవీయ'.

నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. హుద్‌హుద్ తుఫాను గురించి, 2014 అక్టోబర్ 12 గురించి, స్పానిష్‌లో ఒక పేజీ రాశాను. గాలికీ చెట్టుకీ ఒకే కాలం వాడాను. గాలి ఒకసారి వీచింది, ఆగింది, తర్వాత చెట్టు పడింది అన్నట్టు తయారైంది. గాలి 'సొప్లాబ', వీస్తూనే ఉంది. ఆ మధ్యలో చెట్టు 'కయో', పడిపోయింది.

మొదటి పేజీ మళ్ళీ రాసి పంపు. అమ్మమ్మ ఆఖరి గంప అమ్మిన రోజు దగ్గర మాత్రం 'వెందియో'ని కదిలించకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు